సంగీత వండని కూరలు

సాయంత్రం ఆరయ్యేసరికి కమలాబాయి కొడుక్కి ఫోను చేసేది. నెల్లికుదురు దగ్గరి తండాలో ఆ వేళకు మేకలు దొడ్డికి చేరతాయి, ఇంటింటా పొయ్యి రాజుకుంటుంది, ఆమె గడప మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుంటుంది. ఇక్కడ భూపాలపల్లిలో హరిలాల్ అప్పటికి సబ్‌స్టేషన్ డ్యూటీ దిగి, స్నానం చేసి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. మాట ఎప్పుడూ ఒకే చోట మొదలయ్యేది.

"ఏం కూర వండింది, బేటా?"

తల్లీకొడుకులు మాట్లాడుకునేది లంబాడీల గోర్ బోలీలో. అయితే ఏ భాషలో అడిగినా ఆ పక్క ఊళ్లలో మనిషి మనిషిని పలకరించే తీరు అదే. కూర పేరు చెబితే ఇల్లు బాగున్నదని చెప్పినట్టు. పొయ్యి వెలిగింది, వండే మనిషి ఉన్నది, తినే మనిషికి ఆకలి ఉన్నది. అంతా ఆ ఒక్క మాటలో వచ్చేస్తుంది. జవాబుకు ఆలోచించాల్సిన పని ఉండదు. ఆలోచించావంటే ఏదో జరిగిందన్నమాట.

"బీరకాయ," అన్నాడు హరిలాల్, మార్చి నెలలో ఒకనాడు, ఆలోచించకుండా.

ఆ రోజుకు అతని భార్య సంగీత ఇల్లు విడిచి వెళ్లి ఎనిమిది రోజులు. పొయ్యి చల్లగా ఉంది. అతని చేతిలో సగం కొరికిన బన్ను ఉంది. ఫోను పెట్టేశాక ఆ బన్ను మింగుడు పడలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. చిన్నప్పటి నుంచి తల్లికి అబద్ధాలు చెబుతూనే ఉన్నాడు, అవి చెప్పిన మరుక్షణం మరిచిపోయేవి. ఈ బీరకాయ మాత్రం పోలేదు. లేని కూర ఒకటి ఇంట్లో తిరుగుతున్నట్టు, దాన్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలన్నట్టు రాత్రంతా సతాయించింది. మర్నాడు పొద్దున్నే తోపుడుబండి దగ్గర రెండు బీరకాయలు కొన్నాడు. చెక్కు తీశాడు, ముక్కలు కోశాడు, పోపు వేసి, గ్లాసెడు నీళ్లు పోశాడు. బీరకాయలోనే నీళ్లుంటాయనీ, పైనుంచి పోయొద్దనీ అతనికి తెలియదు. గిన్నెలో కూర కాస్తా చెరువైంది. ముక్కలు ఏరుకుని తిన్నాడు. అప్పటికి గానీ నిన్నటి మాట కుదుటపడలేదు.

అట్లా మొదలైంది. సాయంత్రం తల్లికి ఒక కూర పేరు చెబుతాడు. మర్నాడు ఆ కూర వండుతాడు. ఒక రోజు ఆలస్యంగానైనా చెప్పిన మాట నిజమవుతుంది. కొన్నాళ్లకు వరస తిరగేశాడు. మధ్యాహ్నమే ఏం వండాలో అనుకుని, డ్యూటీ దిగగానే వండేసి, ఆరింటికి ఫోను వచ్చేటప్పటికి గిన్నె మీద మూత పెట్టి సిద్ధంగా కూర్చునేవాడు. అప్పుడిక "వండింది" అన్న మాటలో ఎవరన్నది ఒక్కటే అబద్ధం.

ఎట్లా వండాలో తల్లిని అడగడానికి లేదు. వండేది సంగీత అయినప్పుడు కొడుకుకెందుకు ఆ సంగతులు? ఫోనులో వీడియోలు చూడొచ్చు, చూశాడు కూడా, కానీ వాటిలో కూరలన్నీ పెళ్లి కూరల్లాగా ఉన్నాయి. అతనికి కావలసింది ఆ ఇంట్లో పన్నెండేళ్లు వండిన పప్పు, పుంటికూర, పచ్చిపులుసు. వాటి కోసం జ్ఞాపకంలో వెతుక్కుంటే ఒక విచిత్రం బయటపడింది. అతని దగ్గర చెవి జ్ఞాపకాలు ఉన్నాయి, నాలుక జ్ఞాపకాలు ఉన్నాయి, కంటి జ్ఞాపకం ఒక్కటీ లేదు. కుక్కరు మూడు కూతలకు ఆగేదని తెలుసు. పోపులో ముందు చిటపట, తర్వాత చుయ్యిమనే మోత, ఆ తర్వాత రోట్లో దంచుతున్న చప్పుడు. ఆ క్రమం తెలుసు. ఏం దంచేదో తెలియదు. ఆ చప్పుళ్లన్నీ ముందు గదిలో మంచం మీద పడుకుని, ఫోను చూస్తూ విన్నవి.

పప్పులో చింతపండు ముందే వేశాడు ఒకసారి. గంటన్నర ఉడికినా పప్పు బద్ద బద్దగానే ఉండిపోయింది. పులుపు తగిలితే పప్పు ఇక మెత్తబడదని ఆ రోజు తెలిసింది. ఎంత నిప్పు పెట్టినా లాభం లేదు. చిక్కుడుకాయలు వండిన రోజున వాటి ఈనెలు తీయడానికే ముప్పావుగంట పట్టింది. తింటే ఎనిమిది నిమిషాలు. గోడ గడియారం ఎదురుగానే ఉంది కాబట్టి ఆ లెక్క తప్పించుకోలేకపోయాడు.

ఇంకొకటి కూడా తెలిసింది. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి వెనక గోడకు ఆనించి ఉంటుంది. పొయ్యి ముందు నిలబడితే ముందు గది వీపు వెనక్కి పోతుంది. అక్కడ మంచం మీద మనిషి ఉన్నా లేకపోయినా పొయ్యి దగ్గరివాళ్లకు తేడా ఉండదు. నూనె మోతలో మాట వినబడదు. ఎదురుగా మసి పట్టిన గోడ, పైన చేతి వెడల్పు కిటికీ. పన్నెండేళ్లు. రోజుకు రెండు పూటలు. హరిలాల్ లెక్క కట్టబోయి ఆగిపోయాడు.

వెళ్లేటప్పుడు సంగీత గొడవ పడలేదు. వాళ్లకు పిల్లలు లేరు, అందుకు ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు. ఆమె తండ్రి జాల్యాకు కాలు విరిగితే చూసుకోవడానికి కొడకండ్ల దగ్గరి పుట్టింటి తండాకు పోయి, నెల రోజులు ఉండి, తిరిగొచ్చింది. వచ్చిన వారానికే సంచి సర్దుకుంది. అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చిందనీ, జనగామకు పోయి కాగితాలు ఇచ్చొచ్చాననీ చెప్పింది. ఎప్పుడు పోయిందో, ఎప్పుడు ఇచ్చిందో అతనికి తెలియదు.

"కోపమేం లేదు," అన్నది సంచి భుజానికి తగిలించుకుంటూ. "పొయ్యి కాడికెల్లి నేను మాట్లాడితె నీకు ఇనవడది. ఇనవడ్డా జవాబియ్యవు. అంగన్‌వాడీల పిల్లలన్న లొల్లి పెడ్తరు."

ఆ క్షణంలో చెప్పదగిన మాటలు చాలా ఉన్నాయి. హరిలాల్ నోటి నుంచి వచ్చింది, "బస్సుకు లేటయితది," అని. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. ఆమె నవ్వినట్టు చేసి గడప దాటింది.

అయితే వెళ్లేముందు గిన్నెలన్నీ తోమి, తుడిచి, అరమీద బోర్లించి వెళ్లింది. ఆ బోర్లించిన గిన్నెల్లో హరిలాల్ ఒక ఆశ చూసుకున్నాడు. పూర్తిగా పోయే మనిషైతే ఇంత పదిలంగా ఎందుకు పెడుతుంది? తోమిన గిన్నెలు బోర్లించడం ఆమె రోజూ చేసే పనే. ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు, లేదా గుర్తు రానివ్వలేదు.

ఆ గిన్నెలు మామూలు గిన్నెలు కావు. జాల్యా వాళ్లది భగత్‌ల ఇల్లు. తండాలో అందరూ మేకను కోసి తినేవాళ్లే అయినా, ఆయన పండరిపురం పోయి మెడలో తులసిమాల వేసుకొచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నీసు లేదు, సారా లేదు. మాంసం తగిలిన గిన్నెలో వాళ్లు మళ్లీ వండరు, ఎంత తోమినా సరే. అందుకే పెళ్లిలో బిడ్డకు రెండు ఇత్తడి గంజులు, నాలుగు సత్తు గిన్నెలు, ఇనుప మూకుడు, పెనం కొత్తవి కొనిచ్చాడు. "గిండ్ల నీసు తగలొద్దు అల్లుడా, గదొక్కటే నా మాట," అన్నాడు. హరిలాల్ మాట తప్పలేదు. తినాలనిపిస్తే బయట తినొచ్చేవాడు. పన్నెండేళ్లలో ఆ వంటింట్లో గుడ్డు కూడా ఉడకలేదు.

ఇప్పుడు ఆమె లేదు. అయినా అతను ఒక్క నాడూ నీసు వండలేదు. ఒక్కసారి వండితే చాలు, ఆ గిన్నెలు ఆమెవి కాకుండా పోతాయి. ఆమె తిరిగొచ్చి పొయ్యి ముందు నిలబడినా, వండడానికి గిన్నె ఉండదు. తలుపు తెరిచి పెట్టినట్టు గిన్నెలను అట్లాగే ఉంచాడు. సబ్‌స్టేషన్‌లో అతనితో పనిచేసే జాన్ రెండిళ్ల అవతలే ఉంటాడు. అప్పుడప్పుడు వాళ్లావిడ రాజీ వండిన చేపల పులుసు డబ్బాలో పెట్టిస్తే హరిలాల్ దాన్ని డ్యూటీ గదిలోనే తిని, డబ్బా అక్కడే కడిగిచ్చేవాడు.

"వదినె లేకపాయె, ఇంకా ఎవలకు భయపడ్తున్నవే?" అని జాన్ ఎగతాళి చేసేవాడు. "గట్లనే సోరకాయ తిను. మొఖం గూడ సోరకాయ లెక్కనే అయింది."

మామ కాలు ఇంకా నయం కాలేదు, అందుకే సంగీత అక్కడుంది అని జాన్‌కు చెప్పాడు. తల్లికి అదీ చెప్పలేదు. చెబితే వారం తిరక్కుండా తండా నాయక్ చెవిన పడుతుంది. పెళ్లాం పుట్టింట్లో ఉండిపోయిందంటే రెండు తండాల పెద్దమనుషులు చాపలు పరుచుకుని కూర్చుంటారు. ఒక్క మధ్యాహ్నంలో తేల్చేస్తారు. వస్తవా, రావా అని సంగీతను నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. ఆమె రానంటుంది. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఉండదు. ఎవరూ అడగనంత కాలం ఆమె ఏ మాటా అనలేదు కదా. అనని మాట మీద హరిలాల్ నాలుగు నెలలు సంసారం చేశాడు. సంగీత రెండుసార్లు ఫోను చేసింది, ఆధార్ కాగితం కోసం ఒకసారి, జనగామ బస్టాండు నుంచి ఊరికే ఒకసారి. ఆ రెండోసారి కూడా, బస్సుల హారన్ల మధ్య, వస్తావా అని అతను అడగలేదు. ఆమెను బలవంతపెట్టకుండా ఉండటమే మంచితనమని అతను అనుకున్నాడు.

జూలైలో సీత్లా దేవత పండుగ అయిన మర్నాడు, మధ్యాహ్నం రెండింటికి ఫోను వచ్చింది. కమలాబాయి హన్మకొండలో బస్సు మారి ఎక్కిందట, వస్తున్నదట.

ఆ రోజు డ్యూటీ లేదు కాబట్టి హరిలాల్ ఇంట్లోనే ఉన్నాడు. గంటన్నర సమయం ఉంది. సంగీత మూడు రోజుల అంగన్‌వాడీ ట్రైనింగుకు హన్మకొండ పోయిందని చెప్పాలనుకున్నాడు. వెంటనే కుక్కరులో పప్పు పెట్టాడు, టమాటాలు కోశాడు, బెండకాయలు వేయించాడు. ఇల్లు ఊడ్చాడు. ఇల్లంతా చూస్తే ఏదో తక్కువగా ఉంది. పెట్టె తెరిచి, అడుగున ఆమె వదిలేసి పోయిన ఆకుపచ్చ చీర తీసి, బకెట్లో ముంచి, పిండి, పెరట్లో తీగ మీద ఆరేశాడు. ఆ పని చేస్తున్నప్పుడు చేతులు ఎంత ఓపికగా కదిలాయంటే, తనకే భయం వేసింది. అంచులు సమంగా లాగి, రెండు క్లిప్పులు కూడా పెట్టాడు. బస్టాండుకు బయల్దేరేసరికి వాన మొదలైంది.

కమలాబాయి బస్సు దిగింది, చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా, భుజాన సంచి. కోడలు ట్రైనింగుకు పోయిందంటే "ఊ" అన్నది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పెరటి తలుపు దగ్గర కాసేపు నిలబడి, లోపలికొచ్చి కూర్చుంది. పొద్దున సంగీతే వండి పోయిందంటూ హరిలాల్ అన్నం పెట్టాడు. పప్పు పొగలు కక్కుతున్నది. ఆమె తిన్నది. రెండోసారి వేయించుకుని తిన్నది.

"మంచిగున్నది," అన్నది. "ఎల్లిగడ్డ జర ఎక్కువ వడ్డది, అయినా మంచిగున్నది."

తిన్నాక చెయ్యి కడుక్కుని డబ్బా మూత తీసింది. ఉప్పూ పసుపూ పట్టించిన మేకమాంసం. సీత్లాకు కోసిన మేకలో ఇంటి వాటా, కొడుకు పేరున తీసిన పోగు. దేవత వాటా పారేయకూడదు, ఆ ఇంటి మనిషి తినాలి. పన్నెండేళ్లలో ఆమె ఎన్నడూ దాన్ని ఈ ఇంటికి తేలేదు. కొడుకే తండాకు పోయి తినొచ్చేవాడు. ఇప్పుడామె లేచి, వంటింట్లోకి పోయి, అరమీద నుంచి ఇత్తడి గంజు దించి పొయ్యి మీద పెట్టింది.

హరిలాల్ ఎట్లా వచ్చాడో తెలియదు, ఆమె చేతికీ గంజుకూ మధ్యలో ఉన్నాడు.

"గండ్ల వద్దు, యాడీ," అని తల్లిని ఆపాడు.

"ఎందుకొద్దు?"

"సంగీత మల్ల గండ్ల వండది. నీకు తెలుసు గద."

కమలాబాయి కొడుకు మొహంలోకి చూసింది. "ఇప్పుడు వండుతున్నదా?" అని మెల్లగా అడిగింది.

హరిలాల్ గంజు వదలలేదు.

"వానల చీర ఆరేసి ట్రైనింగ్ పోతదా ఎవలన్న," అన్నది ఆమె. "అదొదిలెయ్. నాకు మే నెలల్నే తెలుసు. ఏకాదశి నాడు ఏం కూర అంటె వంకాయ అంటివి, అన్నంల కలుపుకొని తిన్న అంటివి. జాల్యా బిడ్డ ఏకాదశి నాడు అన్నం వండుతదా? పెండ్లయిన కొత్తల ఆర్నెల్లు మన తండల ఉన్నది, ఆ పొద్దు బియ్యం ముట్టకపోయేది. నేననుకున్న, ఒక్కపారి తప్పిందేమో అని. మల్ల ఏకాదశికి అడిగితె మల్ల అన్నమే అంటివి. పన్నెండేండ్లు ఆమె చేతి తిండి తిని గది గూడ తెల్వదా నీకు?"

అతనికి నిజంగా తెలియదు. ఇప్పుడు తెలిసింది. నెలకు రెండుసార్లు అన్నం బదులు గోధుమ రొట్టెలు కంచంలోకి వచ్చేవి. బియ్యం అయిపోయాయేమో అనుకునేవాడు. ఒకసారి విసుక్కున్నాడు కూడా, డ్యూటీ చేసొచ్చిన మనిషికి అన్నం లేదా అని. మరి ఆమె? ఆ రోజుల్లో ఆమె ఏం తినేదో, అసలు తినేదో లేదో, ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అక్కడ కంటి జ్ఞాపకం లేదు.

"తెలిసి గూడ రోజు ఎందుకడిగినవ్?" అన్నాడు.

"అడగకపోతె తింటవా నువ్వు?"

ఆమె డబ్బా మూత పెట్టింది. గోడకు ఆనుకుని కూర్చుంది. తండాలో ఎవరికీ చెప్పలేదన్నది. సీత్లా నాడు మీ కోడలేదని నాయక్ అడిగితే జ్వరమన్నదట. జ్వరం ఒక్క పండుగకు సరిపోతుంది. వచ్చే నెల తీజ్ తొమ్మిది రోజులు, ఆడవాళ్ల పండుగ, ఆ తొమ్మిది రోజులూ జ్వరం ఉండదు. అప్పుడు పంచాయితీ ఎట్లాగూ తప్పదు. నలుగురు అడగక ముందు ఒక్కడైనా అడగాలి కదా అన్నది.

"గిన్నెలను కాపాడుకుంట కూసున్నవ్," అన్నది. "మనిషిని అడిగినవా ఒక్కనాడన్న?"

హరిలాల్ ఫోను తీసుకుని ముందు గదిలోకి పోయాడు. రెండో మోతకే సంగీత ఎత్తింది. పక్కన ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. తల్లి వచ్చిందని చెప్పాడు. సీత్లా వాటా తెచ్చిందని చెప్పాడు. ఆ తర్వాత నాలుగు నెలలుగా దాచుకున్న మాట బయటపెట్టాడు.

"వస్తవా?"

తోముడు ఆగింది, తోముతున్నది ఆమేనన్నమాట.

"రమ్మని అడుగుతున్నవా, పంచాయితీల ఏం చెప్తనో తెలుసుకుంటున్నవా?"

అతను నిజాయితీగా వెతుక్కున్నాడు. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో తేలలేదు. "తెల్వది," అన్నాడు. తర్వాత, ఇది చెబితే ఆమెకు అర్థమవుతుందన్నట్టు, "నీ గిన్నెలల్ల నీసు తగలనియ్యలే. యాడి వండవోతె వద్దన్న. నువ్వు పొయ్యేనాడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి," అన్నాడు.

"ఒక్కపారి గూడ తగలలేదా?"

"లేదు."

అవతల ఆమె మెత్తబడుతున్నదని హరిలాల్‌కు అనిపించింది.

"అయితె ఐతారం నాడొచ్చి తీస్కపోత," అన్నది సంగీత. గొంతు నిజంగానే మెత్తగా ఉంది, కృతజ్ఞత ఉంది అందులో. "అంగన్‌వాడీ పక్కన అర్ర కిరాయికి తీసుకున్న. మా నాయినోళ్లింట్ల ఎన్నొద్దులుంట? గిన్నెలు కొనాలె అని చూస్తున్న. అవి పాడుకాకుంట ఉంచినవ్, మంచిపని చేసినవ్."

అతను ఊ అన్నాడు. పంచాయితీ వద్దనీ, తానే అత్తతో మాట్లాడతాననీ సంగీత అంటే, ఫోను తీసుకుపోయి తల్లి చేతికిచ్చాడు.

కమలాబాయి ముందు మామూలుగానే మాట్లాడింది. తర్వాత గొంతు సాగింది. వాళ్లలో ఆడవాళ్లు కలుసుకున్నా, విడిపోయినా రాగం తీసి ఏడుస్తారు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు, వరసలు పెట్టి పిలుచుకుంటారు. ఇప్పుడు భూపాలపల్లి వంటింట్లో ఒక గొంతు, కొడకండ్ల దగ్గర ఒక గొంతు, మధ్యలో చిన్న ఫోను. నా కోడలా, నా ఇంటి దీపమా అని ఈమె అంటే, నా అత్తా, నా తల్లీ అని ఆమె అంటున్నది. పన్నెండేళ్ల పొయ్యి, రొట్టె, జ్వరం, పుట్టని బిడ్డలు, అన్నీ ఆ రాగంలో వరసగా వస్తున్నాయి. హరిలాల్ గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆ ఏడుపులో అతని పేరు ఒక్కసారీ రాలేదు. మగవాళ్లకు అట్లాంటి రాగం లేదు. ఉంటే తాను ఎవరితో తీసేవాడో కూడా తెలియలేదు.

ఏడుపు ముగిశాక కమలాబాయి మొహం కడుక్కుంది. మాంసం డబ్బా చంకన పెట్టుకుని, గొడుగు అడిగి తీసుకుని, జాన్ వాళ్లింటికి పోయి రాజీ గిన్నెలో వండుకొచ్చింది. దేవత వాటా కాబట్టి హరిలాల్ తిన్నాడు. మర్నాడు ఆమె బస్సెక్కుతూ, తీజ్ రాకముందే నాయక్‌కు తానే చెబుతానన్నది.

ఆదివారం సంగీత తమ్ముడు గణేశ్‌ను వెంటబెట్టుకుని పదిన్నర బస్సుకు దిగింది. రెండు గోనెసంచులు తెచ్చుకుంది. కాస్త నల్లబడింది, మాట చురుగ్గా ఉంది. హరిలాల్ పాత పేపర్లు తెచ్చిచ్చాడు. ఆమె ఒక్కో గిన్నె తీసి, వెలుతురుకు తిప్పి చూసి, లోపల వాసన చూసి, పేపరు చుట్టి ఇచ్చింది. గణేశ్ సంచిలో పేర్చాడు. మూకుడు అడుగు మాడి నల్లగా ఉంటే గోటితో గీకి చూసింది.

"మూకుడు మాడవెట్టినవ్."

"కాకరకాయ."

"సిమ్ముల పెట్టాలె," అన్నది.

చెప్పాలనుకున్న మాట ఒకటి కొన్ని రోజులుగా అతని లోపల నలుగుతున్నది. గణేశ్ సంచి మూతి కట్టడానికి పెరట్లోకి పోయినప్పుడు అన్నాడు, "పొయ్యి కాడ నిలవడితె అర్రల ఎవలున్నరో కనవడది. మాట గూడ ఇనవడది. నాకు ఇప్పుడు తెలిసింది."

సంగీత పేపరు చుట్టడం ఆపింది. అతని వంక చూసింది, కోపంగా కాదు. దారిలో కలిసిన తెలిసిన మనిషిని చూసినట్టు చూసింది.

"తెలిసింది గద," అన్నది. "మంచిదే." చివరి గిన్నెకు పేపరు చుట్టింది.

అన్నం తిని పొమ్మన్నాడు. బస్సుందన్నది. బస్టాండు దాకా ఒక సంచి అతనే మోశాడు. ఇత్తడి గంజులు పేపర్లలో ఉన్నా నడిచినంతసేపూ మెల్లగా మోగుతూనే ఉన్నాయి. బస్సు కదిలాక గణేశ్ చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చి చూస్తే అరమీద కుక్కరు, టీ గిన్నె, గంటె మిగిలాయి. సోమవారం డ్యూటీ దిగి మెయిన్ రోడ్డు మీది గిన్నెల దుకాణానికి పోయాడు. బొగ్గు లారీల దుమ్ము పడకుండా ముందు పరదా కట్టి ఉంది. లోపల ఒక ముసలాయన చిమ్నీలాగా ఒకదానిలో ఒకటి పేర్చిన గిన్నెల మధ్య స్టూలు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఏం కావాలన్నాడు. అన్నానికొకటి, కూరకొకటి అన్నాడు హరిలాల్.

"ఇంట్ల ఎంతమంది?"

ఎవరికీ తెలియకూడదని నాలుగు నెలలు తడి చీర కింద, మూత కింద దాచిన సంగతి అది.

"ఒక్కన్నే."

ముసలాయన తలెత్తలేదు. అద్దాలు పెట్టుకుని, చెయ్యి చాచి, దొంతరలోంచి రెండు చిన్న గిన్నెలు లాగాడు. వేలి కణుపుతో ఒకదాన్ని కొట్టి చూపించాడు, గట్టిదన్నట్టు.

"నీసు గూడ వండుతవా? వండేటట్లయితె అడుగు మందం ఉన్నది తీస్కో. పల్చటిది ఆగది."

హరిలాల్ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడిక ఏది వండినా అడ్డం లేదు. ఏ గిన్నెనూ ఎవరి కోసమూ ఉంచనక్కర లేదు. వెనక లారీ ఒకటి పోతుంటే దుకాణంలో గిన్నెలన్నీ సన్నగా వణికాయి.

"వద్దు తాతా," అన్నాడు. "కూరగాయలే. నాకు వండ వచ్చినయి గవే."